సహవాసం

ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటాం. మన వాడుకలో ఆ మాటకు కలిసి తిరగడమనే అర్థం. తెలుగు బైబిల్లో సహవాసం వెనుక ఉన్న గ్రీకు పదం ‘కొయినోనియా’. ‘కొయినోస్’ అంటే ఉమ్మడి. ‘కొయినోనియా’లో నాకు ఇష్టం దాని చేపల వాసన. లూకా సువార్తలో యాకోబు, యోహానులు సీమోనుకు ‘కొయినోనోయ్’, అంటే వేటలో పాలివారు. వల బరువూ ఉమ్మడే, పడిన చేపా ఉమ్మడే.

మాసిదోనియ, అకయ విశ్వాసులు యెరూషలేము పేదల కోసం పోగుచేసిన సొమ్మును కూడా పౌలు రోమీయులకు రాసిన పత్రికలో ‘కొయినోనియా’ అన్నాడు. తెలుగులో అక్కడ ‘చందా’ అని వచ్చింది. తప్పు కాదు గానీ, సహవాసమూ చందా ఒకే మాటన్న సంగతి మనకు కనబడకుండా పోయింది. ఆదివారం కానుకల సంచి నా వరసకు వచ్చినప్పుడల్లా ఆ తడి వలే గుర్తొస్తుంది.