మందులివ్వని డాక్టర్లు

ఊరినుంచి వెర్రిబీ వచ్చిన పెద్దవాళ్లు, పీహెచ్.డి. చేస్తున్న మనవడినో మనవరాలినో చూసి, "మందులివ్వని డాక్టరేమిట్రా?" అని అడగడం మనలో చాలామందికి అనుభవమే. నిజానికి లాటిన్‌లో డాక్టర్ అంటే బోధించేవాడు. ఆ మాట మొదట పంతుళ్లదే.

పరిశోధన చేసి సిద్ధాంత వ్యాసం రాసి పుచ్చుకునే పట్టాగా పీహెచ్.డి. 19వ శతాబ్దపు జర్మనీలో రూపుదిద్దుకుంది. అమెరికాలో యేల్ 1861లోనే ఇచ్చింది. ఆక్స్‌ఫర్డ్ 1917లో గాని మొదలుపెట్టలేదు. ఆస్ట్రేలియాలో తొలి పట్టాలు 1948లో మన మెల్బోర్న్ విశ్వవిద్యాలయమే ఇచ్చింది: లోహశాస్త్రంలో రూపర్ట్ మయర్స్‌కు, ఫ్రెంచి సాహిత్యంలో ఎరికా వుల్ఫ్‌కు.

అదే సంవత్సరం కేంబ్రిడ్జిలో పీహెచ్.డి. అందుకున్న తెలుగువారు కలియంపూడి రాధాకృష్ణారావుగారు. 1920లో హడగళిలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి గణాంకశాస్త్రంలో చేరారు. పేరు తెచ్చిన ఆయన వ్యాసం 1945లోనే, అంటే పట్టాకు మూడేళ్ల ముందే, అచ్చయింది. 1946లో కేంబ్రిడ్జికి వెళ్లింది కూడా పని మీదే. సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వితీసిన ప్రాచీన అస్థిపంజరాల కొలతలను బట్టి, ఆ ప్రజలు ఏ జాతులకు దగ్గరివారో తేల్చాలి. ఆ ప్రశ్నకు జవాబు వెతకడంలోనే కొత్త గణిత పద్ధతులు పుట్టాయి. వాటినుంచే సిద్ధాంత వ్యాసం వచ్చింది.

ఆయన గురువు ఆర్. ఏ. ఫిషర్. కొలతలూ లెక్కలూ చాలవన్నట్టు, తన ప్రయోగశాలలో ఎలుకల జన్యువులపై కూడా పని చేయించారు. ఆ ఫిషర్ చివరి సంవత్సరాలు మన అడిలైడ్‌లోనే గడిపి, 1962లో అక్కడే కన్నుమూశారు. రావుగారు 2023లో, నూట రెండేళ్ల వయసులో, వెళ్లిపోయారు.

ఇక్కడ పీహెచ్.డి.కి సాధారణంగా మూడు నాలుగేళ్లు పడుతుంది. క్లాసులు తక్కువ, వారంవారం మార్కులు లేవు. వ్యాసాన్ని బయటి విశ్వవిద్యాలయాల పండితులు పరీక్షిస్తారు. ఇందులో కొత్తగా తేలినదేమిటి, అది నిలుస్తుందా అన్నదే వారు చూసేది. ఏడాదిపాటు చేసిన ప్రయోగం పనికిరాకపోవచ్చు. అది ఫెయిలవడం కాదు, పనిలో భాగం.

అందుచేత పిల్లలను "ఇంకా ఎప్పుడవుతుంది?" అని అడిగేముందు, "నీ ప్రశ్న ఏమిటి?" అని అడగడం మంచిది. దానికి వాళ్ల కళ్లు మెరిస్తే చదవనివ్వండి. పేరు ముందు డాక్టర్ అన్న మాట కోసమే అయితే, నాలుగేళ్లు చాలా ఎక్కువ ఖరీదు.