పేరు మామగారిది, పుస్తకం అత్తగారిది

మా మామగారికి తెలుగు చదవడం వచ్చేది కాదు. ఈ ఒక్క ముక్క ముందే చెప్పేస్తే తర్వాత సంగతంతా మీకు తేలిగ్గా బోధపడుతుంది.

రాదంటే చదువు లేని మనిషనుకునేరు! ఉర్దూలో దిట్ట. నిజాం రోజుల్లోనే కోర్టులో గుమాస్తాగా చేరారు. దస్తావేజు చేతికిస్తే ఆయన చూపు కుడి నుంచి ఎడమకి గుర్రంలా పరిగెత్తేది. ఇంట్లో మాట్లాడేది తెలుగే గాని బడి ఉర్దూలో, కచేరీ ఉర్దూలో, ఆఖరికి పాలవాడి లెక్క కూడా ఉర్దూలోనే రాసుకునేవారు. పాతబస్తీ తెలుగు ఇళ్ళలో ఆ తరం మగవాళ్ళు చాలామంది అంతే. అలాంటి మనిషి పేరు మీద ఓ గ్రంథాలయం రిజిస్టరులో పేజీలకి పేజీలు తెలుగు నవలలున్నాయంటే నమ్ముతారా? నేను కళ్ళారా చూశాను.

1974లో పెళ్ళయి బందరు నుంచి శాలిబండకి కాపరానికి వచ్చాను. వచ్చిన మూడోనాడనుకుంటాను, సాయంత్రం మామగారు కోర్టు నుంచి వచ్చి, షేర్వానీ గుండీలు విప్పుకుంటూ, సంచిలోంచి బెండకాయలూ, వాటి కిందనుంచి ఓ లావుపాటి నవలా తీసి గూట్లో పెట్టారు. అత్తగారు అటు చూడనైనా చూడలేదు. రాత్రి అందరి భోజనాలూ అయి, వంటిల్లు కడిగి, పాలు తోడేశాక, అప్పుడు పీట వాల్చుకుని కళ్ళజోడు తగిలించారు. నేను మధ్యలో మంచినీళ్ళకని లేస్తే పన్నెండు గంటలకి కూడా ఆ దీపం వెలుగుతూనే వుంది.

ఏ పుస్తకం కావాలో ఆవిడే చీటీ మీద రాసిచ్చేవారు. మామగారు ఆ చీటీ తనకి చదవడం రాదు గనక మడత విప్పకుండా గ్రంథాలయంలో గుమాస్తా ముందు పెట్టేవారు. అతను పుస్తకం తీసిచ్చేవాడు. ఈయన సంతకం పెట్టేవారు, అదీ ఉర్దూలో! తెచ్చేదేమిటో తెచ్చే మనిషికే తెలియదు.

"మీరు ఏ బళ్ళో చదివారు అత్తయ్యా?" అని ఓసారి అడిగాను.

"బడేంది పిల్లా! నీ మొగుడే నాకు పంతులు," అన్నారావిడ.

నిజమేనట. మావారు ఒకటో తరగతిలో చేరిన ఏడు, అంటే పోలీసు చర్య జరిగి నాలుగయిదేళ్ళయి బళ్ళలోకి తెలుగు వచ్చిన రోజులు, ఆయన అరుగు మీద కూచుని 'అ ఆ'లు దిద్దుతుంటే, గడప లోపల ఈవిడ చాటలో బియ్యం పరిచి వేలితో అవే అక్షరాలు దిద్దేవారట. ఎవరైనా వస్తే అరచేత్తో చెరిపేసేవారు. చూసేవాళ్ళకి రాళ్ళు ఏరుతున్నట్టే వుంటుంది కదా! అప్పటికి ఆవిడ వయసు ఇరవై ఎనిమిది. పిల్లవాడు రెండో తరగతి వాచకం పూర్తిచేసేసరికి ఆవిడ పెద్దబాలశిక్షలో వున్నారు.

అంతటితో అయిందా? పిట్టగోడ అవతల ఓ ఖాలా వుండేది. ఆవిడకి ఉర్దూ వచ్చు, తెలుగు అక్షరం తెలియదు. మా అత్తగారు రాత్రి చదివిన కథ మర్నాడు మధ్యాహ్నం గోడకి ఆనుకుని హైదరాబాదీ ఉర్దూలో చెప్పేవారు. "ఫిర్ క్యా హువా?" అని ఖాలా అడగడం, సరిగ్గా అక్కడ ఈవిడ "కల్ బోలూంగీ" అని లేచిపోవడం! వారపత్రికల సీరియళ్ళ వాళ్ళు కూడా ఆ కిటుకు ఆవిడ దగ్గర నేర్చుకోవాల్సిందే. బదులుగా ఖాలా తను చదివిన ఉర్దూ కథలు చెప్పేది. గోడకి ఇవతల నేను బట్టలారేస్తూ రెండూ వినేదాన్ని.

ఇదంతా ఇంటి ముచ్చటగానే వుండిపోయేది. కాని 1982లో మన రాష్ట్రంలో సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. దేశంలో అదే మొదటిది. తర్వాత దానికి డాక్టర్ అంబేద్కర్ గారి పేరు పెట్టారు. ముందు చదువు లేకపోయినా అర్హత పరీక్ష రాసి బి.ఏ.లో చేరవచ్చన్నారు. నాది పదో తరగతితో ఆగిన చదువు. ఇద్దరు పిల్లలు. ఇంక ఇప్పుడెందుకులే అని నేను నసుగుతుంటే, "నేను బియ్యంల రాసిన. నువ్వు కాయితం మీద రాస్తె తప్పేంది?" అని అత్తగారే ఫారం తెప్పించారు. మామగారి చేతనే!

బి.ఏ. అయింది. ఆ వూపులో గ్రంథాలయ శాస్త్రంలో కూడా చేరాను. అక్కడ మా మేష్టారు ఒక్కొక్కరికి ఒక్కొక్క వ్యాసం అప్పజెప్పారు. నాకు వచ్చింది హైదరాబాదు గ్రంథాలయాల చరిత్ర, అందులో స్త్రీ పాఠకులు.

చరిత్ర మొదటి సగం సులువుగానే సాగింది. సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ గారి చొరవతో 1891లో మొదలైన ఆసఫియా గ్రంథాలయం వుంది. మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో ఆ పెద్ద రాతి భవనానికి 1932లో నిజాం పునాదిరాయి వేశారు. 1936లో పుస్తకాలు అందులోకి చేరాయి. తర్వాత స్టేట్ సెంట్రల్ లైబ్రరీ అయింది. ఉస్మానియా ఆస్పత్రికి వెళ్ళేవాళ్ళంతా చూసేవుంటారు. మా శాలిబండలోనే 1895లో మరాఠీవారు భారత గుణవర్ధక సంస్థ పెట్టుకున్నారు. ఇక మన తెలుగువాళ్ళకి 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు గార్లు పూనుకుని, రావిచెట్టు వారి ఇంట్లోనే మొదలుపెట్టారు. ఆ ఇల్లు రెసిడెన్సీ బజారులో వుంది. అక్కడ నిజాం హుకుం కాక తెల్ల రెసిడెంటు హుకుం చెల్లేది. తెలుగు పుస్తకాలకి ఓ గది కావాలంటే మన ఊళ్ళోనే అలాంటి జాగా వెతుక్కోవాల్సి వచ్చిందన్నమాట.

తెలుగు మాటకి అప్పటి పరువు ఎంతో చెప్పడానికి ఒక్క ఉదంతం చాలు. 1921 నవంబరులో వివేకవర్ధిని హాల్లో సంఘసంస్కార సభ జరిగింది. అధ్యక్షులు ఆడవాళ్ళకోసం విశ్వవిద్యాలయం పెట్టిన కార్వే పండితులు. అంతటివారు వేదిక మీద వుండగానే, ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలిచేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అదే ఏడు భాషానిలయం సుల్తాన్ బజారులో సొంత భవనంలోకి మారింది. ఆ భవనానికి రావిచెట్టు రంగారావు గారు పోయిన తర్వాత ఆయన జ్ఞాపకార్థం విరాళమిచ్చింది ఆయన భార్య లక్ష్మీనరసమ్మగారు. చరిత్ర పుస్తకాల్లో రంగారావు గారికి పేజీలుంటే ఈవిడకి ఒక వాక్యం వుంది. పోనీలెండి, అదైనా వుంది.

లక్ష్మణరావు గారి సంగతి చదువుతూండగా నాకు ఇంకొకావిడ తగిలింది. ఆయన అక్కగారు, భండారు అచ్చమాంబ. 1874లో పుట్టింది. పదేళ్ళకే పెళ్ళి. తండ్రి పోయాక తమ్ముడు నాగపూరులో ఈవిడ ఇంట్లో వుండి చదువుకున్నాడు. బడి గుమ్మం ఎక్కని ఈ అక్క, అతని పక్కన కూచుని అక్షరాలు నేర్చింది. తెలుగుతో ఆగిందా, హిందీ, మరాఠీ కూడా! ఆ చదువుతోనే దేశంలోని స్త్రీల జీవితాలు సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. అది వెలువడింది కూడా 1901లోనే. ఇక్కడ తమ్ముడు గ్రంథాలయం తెరిచిన ఏడే అక్కడ అక్క పుస్తకం! మరుసటి ఏడు మా బందరులో ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారితో కలిసి బృందావన స్త్రీ సమాజం స్థాపించిందట. బందరులో పుట్టి పెరిగి, ఆ మాట హైదరాబాదులో పరీక్ష కోసం చదివితే తెలిసింది నాకు! 1905లో ఆవిడ పోయింది. తమ్ముడు చందాదారులను కూడగట్టి విజ్ఞాన చంద్రికా మండలి పుస్తకాలు అచ్చువేయడం మొదలెట్టింది ఆ మర్నాటి ఏడే. చూడలేకపోయింది.

ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. తమ్ముడి పక్కన అచ్చమాంబ, కొడుకు వెనకాల మా అత్తగారు. మధ్య డెబ్బై ఏళ్ళు. హైదరాబాదులో ఆడపిల్లలకి తెలుగులో చదువు చెప్పే బడి మాడపాటి హనుమంతరావు గారు నారాయణగూడలో పెట్టేసరికి 1928. మా అత్తగారికి అప్పుడు మూడేళ్ళు. శాలిబండ నుంచి నారాయణగూడకి ఆడపిల్లని రోజూ ఎవరు పంపుతారు? 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్య వచ్చింది. పదిహేను నుంచి ముప్పయి అయిదేళ్ళవారికి అని రేడియోలో చెప్పారు. ఆవిడకి అప్పటికి యాభై మూడు. "నేను దిద్దిననాడు వస్తె లెక్కలకొస్తుంటి గద! సర్కారు ఆలిశం జేసింది," అని పకపక నవ్వారు.

సరే, వ్యాసం రెండో సగం. స్త్రీ పాఠకులు. మామగారు వెళ్ళే ఆ చిన్న గ్రంథాలయానికే (పేరు అనవసరం లెండి) బతిమాలి పాత రిజిస్టర్లు తీయించాను. వారం రోజులు దుమ్ము దులిపాను. సభ్యుల్లో ఆడవాళ్ళు చేతివేళ్ళకి సరిపోయారు. వకీళ్ళు, గుమాస్తాలు, మేష్టర్లు, పోస్టాఫీసు ఉద్యోగులు, అంతా మగవారే. ఆ మగవారంతా ఏం పట్టుకెళ్ళారయ్యా అంటే నవలలు, వ్రతకథలు, వంటల పుస్తకాలు! మా మామగారైతే ఒక్క ఏడాదిలో రచయిత్రుల నవలలు చదివినట్టు ఇంకెవరూ చదవలేదు.

ఇంటికొచ్చి చెబితే మావారు నవ్వారు. ఆయన ఆజమాబాదులో ఓ ఫ్యాక్టరీలో స్టోర్సు చూసేవారు. "మా దగ్గర బోల్టు ఒకటి బయటికి వెళ్ళినా ఏ షాపుకి, ఏ మిషనుకి, ఏ పనికి అని చీటీ వుంటుంది. లేకపోతే ఖర్చు లెక్క తేలదు. మీవాళ్ళు గేటు దాటించినవాడి పేరు రాసుకుని వూరుకున్నారు," అన్నారు. ఆయనకి ప్రపంచమంతా స్టోర్సులాగే కనిపిస్తుంది గాని, ఆ మాట మాత్రం సరిగ్గా తగిలింది. పైగా ఇక్కడ ఒక్క పుస్తకానికి చదివే మనిషి వేరు, గోడవతల వినే మనిషి ఇంకొకరు. పాఠకుడి కాలం వృథా కానివ్వకూడదని రంగనాథన్ గారు 1931లోనే సూత్రం చేశారు. కాని పాఠకురాలు అర్ధరాత్రి గాని మొదలెట్టడానికి వీల్లేనప్పుడు ఆ కాలాన్ని ఎవరు లెక్కకడతారు?

వ్యాసంలో ధైర్యం చేసి రాశాను. రిజిస్టరులో వున్నవి తెచ్చినవారి పేర్లే, చదివినవారు వేరని. మేష్టారు ఎర్రసిరాతో గీత గీసి, పక్కన 'ఇది ఊహ. ఆధారం ఏది?' అని రాశారు. కోపం రాలేదనను. కాని అడిగిన మాట న్యాయమే. మా అత్తగారు చెప్పారండీ అంటే చరిత్రకి చాలదు.

మళ్ళీ వెళ్ళాను. ఈసారి పేర్లు చూడలేదు, పుస్తకాల పేర్లూ చూడలేదు. చిట్టచివర 'రిమార్కులు' అని ఓ సన్నటి గడి వుంటుంది. తిరిగి ఇచ్చేటప్పుడు పుస్తకం పాడైతే ఏమైందో, జుర్మానా ఎంతో అందులో రాస్తారు. నేను మొదటిసారి అటు కన్నెత్తి చూడలేదు. ఓ వకీలుగారి పేరెదుట 'నూనె మరక'. ఓ పోస్టుమాస్టరుగారి పేరెదుట 'కాటుక'. బ్రహ్మచారి కాడు గదా మరి! ఇంకో ఆయన పేరెదుట 'మధ్య పేజీలో పూలరేకులు, రంగు అంటినది'. పిండి, చింతపండు పులుసు, పాలు. ఒక్కొక్కటీ కాగితం మీదకి ఎత్తుకుంటుంటే ఆ గదిలో ఎన్ని వంటిళ్ళు తెరుచుకున్నాయో చెప్పలేను. పక్కన గుమాస్తా నన్ను అదోలా చూస్తున్నాడు, జుర్మానాలు చదివి నవ్వేవాళ్ళని అతనెప్పుడూ చూసి వుండడు.

మామగారి పేరు దగ్గరికి వచ్చాను. 'పసుపు మరకలు, 25 పైసలు.' పేజీ తిప్పితే మళ్ళీ. ఇంకో పేజీ, మళ్ళీ. ఎంతమంది గుమాస్తాలు మారారో, ఎన్నిరకాల చేతిరాతలో, మరక మాత్రం పసుపే.

ఆ గడి మొత్తం పట్టికగా వేసి వ్యాసానికి జతచేశాను. మేష్టారు ఈసారి ఎర్రసిరా తియ్యలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మామగారు వాలుకుర్చీలో సియాసత్ పేపరు చదువుకుంటున్నారు. అత్తగారు చిక్కుళ్ళు తుంచుతున్నారు. కూచుని మొత్తం చెప్పాను. ఆవిడ ముందు సిగ్గుపడ్డారు, తర్వాత మురిసిపోయారు, ఆ పైన హఠాత్తుగా చెయ్యి ఆపి నావైపు తిరిగారు.

"ఎంత జుర్మానా అంటివి?"

"పావలా అత్తయ్యా. ప్రతిసారీ పావలానే."

"పావలానా? అర్ధరూపాయని చెప్పి తీస్కపొయ్యెటోడు గద మీ మామ!"

సియాసత్ పేపరు ఇంకో జానెడు పైకి లేచింది.