సర్వర్‌ను మొదట పడగొట్టింది అభిమానమే

పోస్టు కొంచెం పొడుగుంటది, తీరుబడిగా చదవండి.

పోయిన ఎండాకాలం సంగతి. హైదర్‌గూడలో పాత ఎమ్మెల్యే క్వార్టర్స్ దగ్గరి సందులో మా రూము. పొద్దంతా చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్స్‌కు చదువుకోవడం, రాత్రికి రూముకు రావడం. మాతో ఒక తమ్ముడు ఉంటడు. తాడ్వాయి దిక్కు కోయ పిలగాడు, డిగ్రీలో కంప్యూటర్స్ చదివిండు. నెలకు కొన్ని వందల అద్దెకు చిన్న సర్వర్ తీసుకుని అందులో మైన్‌క్రాఫ్ట్ పెట్టిండు. ఆ ఆటలోనే గుట్టలు, వాగు, ఇప్పచెట్లు కట్టిండు. మొదట్ల ఆడింది మేం పన్నెండు మందిమే.

ఎవరో ఆ లింకును హాస్టల్ గ్రూపుల్లో పెట్టిండ్రు. వారం తిరిగేసరికి వంద మంది దాటిండ్రు. అందరూ ఒకేసారి వస్తే ఆట కదలకుండా నిలబడిపోయేది. ఇంకో వారానికి, ఒక ఆదివారం రాత్రి, నలభై మందే ఉన్నా మొత్తానికే పడిపోయింది. కాసేపటికి తమ్ముడి ఫోనుకు మెసేజ్ వచ్చింది: డబ్బులు పంపితే ఆపుతానని. పోటీగా ఇంకో సర్వర్ నడిపే ఒకడి మీద తమ్ముడికి అనుమానం. "అన్నా, పైసలిస్తే సర్వర్లను కొట్టిపెట్టేటోళ్లు ఆన్‌లైన్ల దొరుకుతరు. మనం గూడ వాన్ని కొడదాం" అన్నడు. చేతిలో ఫోను, కళ్లలో నీళ్లు.

ఆ రాత్రి వాణ్ని ఆపడానికి నాకు తెలిసిన చరిత్ర చెప్పిన. అదే ఇక్కడ రాస్తున్న.

చాలామంది కలిసి ఆడే తొలినాటి కంప్యూటర్ ఆటల్లో ఒకటి 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో మొదలైంది. రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి మొదలుపెట్టిండు, తర్వాత రిచర్డ్ బార్టిల్ దాన్ని ముందుకు తీసుకుపోయిండు. ఆట పేరు మడ్. బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. యూనివర్సిటీ కంప్యూటర్ పగలు చదువులకు కావాలి. అందుకే బయటివాళ్లు ఆడాలంటే అది ఖాళీగా ఉండే రాత్రి వేళల్లోనే. ఒకేసారి ఆడగలిగింది కొన్ని పదుల మంది. అంటే ఆ తొలినాటి ఆటకే రెండు కట్టుబాట్లున్నయి: ఎప్పుడు రావాలి, ఎంతమంది రావాలి. అప్పటి యంత్రం శక్తి అంతే కాబట్టి ఆ హద్దులు తప్పలేదు.

తర్వాత ఆ హద్దులు తెగిపోయినయి. 1997 సెప్టెంబరులో అమెరికాలో ఒరిజిన్ సంస్థ అల్టిమా ఆన్‌లైన్ విడుదల చేసింది. ఆరు నెలల్లో లక్ష మంది చందాదారులు చేరిండ్రు. తయారుచేసినవాళ్లే అంతమందిని ఊహించలేదు. సర్వర్లు నత్తనడక నడిచినయి, పడిపోయినయి. ఏ శత్రువూ చేయలేదు ఆ పని. ఆట మీద ప్రేమతో వచ్చిన జనమే చేసిండ్రు.

వాళ్లు పట్టిన దారి ఏంటంటే, ఒకే లోకాన్ని అనేక నకళ్లుగా చేసి, ఒక్కో నకలును వేరే సర్వర్ల మీద నడిపిండ్రు. వాటికి 'షార్డ్' అని పేరు, అంటే పగిలిన ముక్క. ఇప్పుడు పెద్ద పెద్ద డేటాబేస్‌లను ముక్కలు చేయడానికి వాడే 'షార్డింగ్' అనే మాట ఇక్కడి నుంచే వచ్చిందని చాలామంది చెప్తరు.

ఆ ఆటలోదే ఇంకో ముచ్చట. 1997 ఆగస్టు, విడుదలకు ముందు, ఎంతమందిని సర్వర్లు మోయగలవో చూసే పరీక్ష నడుస్తోంది. ఆట సృష్టికర్త రిచర్డ్ గారియట్ 'లార్డ్ బ్రిటిష్' అనే రాజు వేషంలో జనం ముందు నిలబడ్డడు. రాజుకు చావు లేదు. కానీ సర్వర్ ఒకసారి పడి లేచినంక ఆ చావులేని గుర్తును మళ్లీ పెట్టుకోవడం మర్చిపోయిండు. ఒక ఆటగాడు మంత్రాగ్ని విసిరిండు, రాజు చచ్చిపోయిండు. అందరూ నవ్వుకునే కథే గానీ, సర్వర్ నడిపేవాళ్లకు ఇందులో పాఠం ఉంది. మామూలుగా నడిచేటప్పుడు తలుపులన్నీ వేసే ఉంటయి. పడి లేచిన గడియలోనే ఏదో ఒక తలుపు తెరిచి మర్చిపోతం.

1996లో ఇంకో చిక్కు తేలింది. క్వేక్ అనే తుపాకుల ఆటలో ప్రతి అడుగుకూ సర్వర్ జవాబు కోసం ఎదురుచూడాలి. ఒకే గదిలో కేబుల్‌తో కలిపిన కంప్యూటర్లయితే బాగుంటది. ఫోన్ లైను మీద ఆడేటోళ్లకు మాత్రం నరకం. ఆ ఏడాది డిసెంబరులో జాన్ కార్మాక్ క్వేక్‌వరల్డ్ తెచ్చిండు. అందులో నువ్వు మీట నొక్కగానే నీ కంప్యూటర్ నీ అడుగును నీకు వెంటనే చూపిస్తది, సర్వర్ తర్వాత సరిచేస్తది. ఆడేవాడికి వేగం, కానీ ఆఖరి మాట సర్వర్‌దే. ఆ ఆఖరి మాటను ఆటగాడి చేతికి ఇస్తే మోసగాళ్లు వాళ్లకు కావలసిన లెక్క వాళ్లే రాసుకుంటరు.

ఇక్కడిదాకా చెప్పినంక తమ్ముడు అడిగిండు: "మరి పెద్ద సర్వర్ తీసుకుంటే సరిపోదా?" నేనన్న, "మీ మేడారం జాతర చూడు."

రెండేళ్లకోసారి మాఘ పున్నమికి జరిగే సమ్మక్క-సారలమ్మ జాతర ఒకప్పుడు మనోళ్ల జాతర. 1996లో రాష్ట్ర పండుగైంది. ఇప్పుడు కోటిమంది వస్తరంటరు. రోడ్లు వెడల్పు చేస్తరు, ఆర్టీసీ తాత్కాలిక బస్టాండు కడుతది, జంపన్నవాగు పొడుగునా స్నానఘట్టాలు పెడ్తరు. ఇవన్నీ పెంచొచ్చు. కానీ గద్దెలు పెరగవు. వచ్చిన ప్రతి ఒక్కరూ చేరాల్సింది అక్కడికే. అందుకే క్యూలైన్లు. అందుకే చాలామంది జాతరకు కొన్ని వారాల ముందే వచ్చి మొక్కు చెల్లించుకుని పోతరు.

సర్వర్ కూడా అంతే. బయటి యంత్రాలను పది చేయొచ్చు, వంద చేయొచ్చు. కానీ ఎవరి దగ్గర ఏముంది, ఎవరు గెలిచిండ్రు అని రాసిపెట్టే చోటు ఒకటుంటది. రద్దీ అంతా చివరికి అక్కడే ఇరుక్కుంటది. దాని దగ్గరికి ఒకేసారి ఎంతమందిని పంపాలి, మిగతావాళ్లను ఎక్కడ నిలబెట్టాలి అన్నదే అసలు విద్య. లాగిన్ క్యూ అంటే అదే. ఈవ్ ఆన్‌లైన్ అనే ఆట ఇంకో ఉపాయం చేసింది. 2014 జనవరిలో అందులో జరిగిన ఒక యుద్ధంలో 7,500 మందికి పైగా పాల్గొన్నరు. సర్వర్ కూలిపోకుండా ఆటలోని కాలాన్నే పదో వంతుకు తగ్గించిండ్రు. దాదాపు 21 గంటలు నడిచింది ఆ పోరు. ఆగిపోయేకంటే మెల్లగా నడవడం నయం అనుకున్నరు.

అందరికీ అంత ముందుచూపు ఉండదు. 2016 జులైలో పోకెమాన్ గో వచ్చినప్పుడు, అనుకున్నదానికి ఐదు రెట్లు వస్తే అదే గరిష్ఠం అని లెక్కేసుకున్నరు. వచ్చింది యాభై రెట్లు. 2020 లాక్‌డౌన్ మొదట్ల మన దేశంలో లూడో కింగ్ సర్వర్లు కూడా జనం తాకిడికి పడిపోయినయి. మన సర్వర్ మొదటి వారం పడిపోయిందంటే అందులో సిగ్గుపడేది ఏం లేదని తమ్ముడికి చెప్పిన.

ఇగ రెండో వారం సంగతి. దాడి.

గుర్తుపట్టడం ఎందుకు కష్టమంటే, గుమ్మం దగ్గర నిలబడి చూస్తే అభిమానుల గుంపూ, దొంగ గుంపూ ఒకే తీరుగా కనిపిస్తయి. రెండూ జనమే, రెండూ తోసుకొస్తయి. డీడాస్ దాడి అంటే ఇదే. వేల యంత్రాల నుంచి ఒకేసారి ఉత్త అభ్యర్థనలు పంపి, అసలు మనిషికి దారి లేకుండా చేయడం.

దీని చరిత్రలో అందరూ తెలుసుకోవాల్సింది మిరాయ్ కథ. 2016లో అమెరికాలో ఇరవై ఏళ్ల వయసున్న ముగ్గురు కుర్రాళ్లు ఒక ప్రోగ్రాం రాసిండ్రు. అది ఇంటర్నెట్‌కు తగిలించిన సీసీ కెమెరాలను, వైఫై రౌటర్లను వెతుకుతది. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌ను ఎవరూ మార్చరు కదా, అట్లాంటి అరవై దాకా పాస్‌వర్డ్‌లను వరుసగా ప్రయత్నించి లోపలికి దూరుతది. అట్ల లక్షల పరికరాలు వాళ్ల చేతికి చిక్కినయి. వాటితో కొట్టినవాటిల్లో మైన్‌క్రాఫ్ట్ సర్వర్లు ఉన్నయి. అవును, మా తమ్ముడు నడిపే ఆటే. బాగా నడిచే సర్వర్‌కు డబ్బులొస్తయి కాబట్టి పోటీవాణ్ని పడగొడితే ఆటగాళ్లు ఇటు వస్తరని ఆశ. వాళ్లలో ఇద్దరు అట్లాంటి దాడుల నుంచి కాపాడుతామనే కంపెనీ కూడా నడిపిండ్రు.

తర్వాత ఆ ప్రోగ్రాంను అందరికీ కనబడేట్టు ఆన్‌లైన్‌లో పెట్టేసిండ్రు. 2016 అక్టోబరు 21న ఇంకెవరో దాన్ని వాడి డిన్ అనే సంస్థను కొడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు. ఆటలో పోటీతో మొదలైంది ఎక్కడిదాకా పోయిందో చూడండి. 2017లో ఆ ముగ్గురూ కోర్టులో నేరం ఒప్పుకున్నరు. 2018లో ఐదేళ్ల ప్రొబేషన్, ఒక్కొక్కరికీ 2,500 గంటల సమాజసేవ, నష్టపరిహారం పడినయి. దర్యాప్తుకు సాయం చేసినందుకు జైలు తప్పింది.

తమ్ముడికి అప్పుడు చెప్పిన: "వాళ్ల దేశం, వాళ్ల లాయర్లు, వాళ్లకు నడిచింది. ఇక్కడ ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా ఉంది. పైసలిచ్చి కొట్టిపిచ్చినా తప్పే. కేసు పడితే నీ గ్రూప్స్ ఏమైతది? పోలీస్ వెరిఫికేషన్‌లో ఏం చెప్తవు? అడవిలో చెట్టు కొట్టకున్నా కేసులు మోసినోళ్లం మనం. నిజంగా తప్పు చేసి ఇంకో కేసు తెచ్చుకుంటమా?"

చాలాసేపు ఏం మాట్లాడలే. తర్వాత లేచి రూములోని వైఫై రౌటర్ చూసిండు. పాస్‌వర్డ్ 'అడ్మిన్' అనే ఉంది. ఇద్దరం నవ్వుకున్నం. మన రౌటరే ఎవని చేతిలోనో ఉండి, ఇంకెవన్నో కొడుతుండొచ్చు. ముందు దాన్ని మార్చినం.

తర్వాత చేసినవి వరుసగా చెప్తున్న, ఎవరికైనా పనికొస్తయి. డబ్బులు పంపలే, పంపితే మళ్లీ అడుగుతడు. మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు తీసి సైబర్ క్రైం పోర్టల్‌లో ఫిర్యాదు చేసినం. సర్వర్ అసలు ఐపీ అడ్రస్ మార్చి, దాడులను వడకట్టే ప్రాక్సీ వెనక పెట్టిండు. అసలు సర్వర్ ఆ ప్రాక్సీ నుంచి వచ్చినవాటికే తలుపు తీస్తది. ఒకే చోటు నుంచి నిమిషానికి ఎన్నిసార్లు రావొచ్చో హద్దు పెట్టిండు. తెలిసినవాళ్ల పేర్లతో వైట్‌లిస్ట్ రాసిండు. కొత్తవాళ్లు ఎవరైనా ఒకరి మాట మీద రావాలి. రోజూ రాత్రి బ్యాకప్, అది వేరే చోట. ఎక్కువమంది వస్తే క్యూ. అడ్మిన్ హక్కులు ముగ్గురికే. పడి లేచినప్పుడల్లా ఏ తలుపు తెరిచి ఉందో చూసుకోవడానికి గోడ మీద ఒక కాగితం అంటించిండు. లార్డ్ బ్రిటిష్ పుణ్యం.

ఇంకో మాట దూరం గురించి. వెలుగు కూడా ఫైబర్ కేబుల్‌లో సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లే పోతది. సింగపూర్ ఇక్కడికి 3,300 కిలోమీటర్లు. ఎంత మంచి కనెక్షన్ ఉన్నా పోయి రావడానికి 33 మిల్లీసెకన్ల కంటే తగ్గదు. అందుకే సర్వర్ ఎక్కడుందన్నది ఆటలో న్యాయం సంగతి. అమెజాన్ క్లౌడ్ 2016లో ముంబైలో, 2022 నవంబరులో హైదరాబాద్‌లో కేంద్రాలు తెరిచింది. హైదరాబాద్‌లో తయారైన హిట్‌వికెట్ క్రికెట్ ఆట 2020లో కేంద్రం పెట్టిన ఆత్మనిర్భర్ యాప్ పోటీలో ఆటల విభాగంలో గెలిచింది. యంత్రాలు మన దగ్గరికొచ్చినయి, తయారుచేసేటోళ్లూ ఇక్కడే ఉన్నరు. కానీ గూడెంలో సిగ్నల్ కోసం గుట్టెక్కే పిలగాడికి ఆ ఆఖరి పది కిలోమీటర్లే సింగపూర్ కంటే దూరం. సర్వర్ నడపడం నేర్చుకున్న మనోడికి ఆ దూరం గుర్తుంటది. అందుకే ఈ పని మనోళ్లు నేర్వాలంటున్న.

సర్వర్ ఇప్పుడూ నడుస్తోంది. వైట్‌లిస్ట్‌లో ఉట్నూరు, భద్రాచలం, అచ్చంపేట, పాడేరు పిల్లలున్నరు. తమ్ముడు గ్రూప్స్‌తో పాటు నెట్‌వర్కింగ్ కూడా చదువుతున్నడు. పోటీ సర్వర్ వాణ్ని మేం కొట్టలే. వాడే కొట్టిండో లేదో ఇప్పటికీ తెల్వదు. తెలియకుండా కొట్టి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయమైతది.

చదివినోళ్లు ఈ రాత్రి ఒక్క పని చేయండి. మీ హాస్టల్ రౌటర్ పాస్‌వర్డ్ మార్చిపిచ్చండి. మార్చినంక కింద కామెంట్ పెట్టండి.

జై ఆదివాసీ.