ఘాటు దిగే బండికి డిస్కు పని

భద్రాచలం, కూనవరం రోడ్డు. ఇంకా ఎండ ఎక్కలేదు. రేకుల షెడ్డు ముందు ఒక ఎర్టిగా ఆగి ఉంది. చింతూరు, మారేడుమిల్లి ఘాటు రోడ్డు మీదుగా రాజమండ్రి పోయొచ్చే టాక్సీ అది.

"ఘాటు దిగేటప్పుడు బ్రేకు తొక్కితే స్టీరింగు వణుకుతోంది మేస్త్రీ. ప్యాడ్లు తెచ్చా, వేసెయ్యి" అని డ్రైవరు కొత్త డబ్బా చేతికిస్తాడు.

మేస్త్రీ దాన్ని బల్ల మీద పెడతాడు. "పాత డిస్కు మీద వీటిని ఇట్లాగే బిగిస్తే నాల్రోజులు బాగానే ఉంటది అన్నా. తర్వాత మళ్ళీ వణుకుతది."

నట్లు వదులు చేసి, జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టాక చక్రం ఊడింది. వంగి చూడండి. ప్యాడ్లు రాసుకున్న మేర డిస్కు అద్దంలా మెరుస్తోంది. అంచున తుప్పు గట్టు కట్టి, గోటికి తగులుతోంది. మెరిసే భాగమంతా ఇనుమే అనుకోకండి. పాత ప్యాడ్ల పదార్థం పొరగా అంటుకుంది, అదీ అన్నిచోట్లా ఒకేలా లేదు. అక్కడక్కడా నీలి మచ్చలు కూడా ఉన్నాయి. ఘాటు వేడి చేసిన పని అది.

క్యాలిపర్ విప్పి, దాని బరువు బ్రేకు గొట్టం మీద పడకుండా తీగతో వేలాడదీస్తాడు. కుర్రాడు గాలి పైపు అందుకోబోతే వారిస్తాడు. "ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతదిరా. తడిగుడ్డతో తుడువు."

ఇప్పుడు మైక్రోమీటరు. డిస్కు చుట్టూ ఎనిమిది చోట్ల మందం కొలిచి, డిస్కు మీదే పోతపోసిన కనీస మందం అంకెతో పోల్చి చూస్తాడు. ఆ అంకెకు దిగితే ఏ మరమ్మతూ పనికిరాదు, మార్చాల్సిందే. చోటుకీ చోటుకీ తేడా ఎక్కువుంటే రెండు వైపుల డిస్కులూ లేత్‌కి పంపాలి. దీనికి ఆ అవసరం రాలేదు. పగుళ్లూ లేవు.

డిస్కు హబ్బుకు అతుక్కుపోయింది. దాని మీదున్న రెండు మర రంధ్రాల్లో 8 మి.మీ. బోల్టులు పెట్టి, దీనికో చుట్టు దానికో చుట్టు బిగిస్తుంటే టక్కుమని వదిలింది. వెనక హబ్బు ముఖం మీద తుప్పు పొక్కులు. అసలు రోగం ఇక్కడుంది. ఇక్కడ ఆవగింజంత తుప్పు అడ్డుపడినా డిస్కు అంచు తిరిగేటప్పుడు ఊగుతుంది. ఊగిన ప్రతిసారీ ఒకే చోట ప్యాడును తాకి, వేల కిలోమీటర్ల మీద అక్కడే అరుగుతుంది. మందం కొద్దిగా మారినా వణుకు మొదలవుతుంది. తీగ బ్రష్షుతో హబ్బునూ, డిస్కు లోపలి ముఖాన్నీ శుభ్రం చేసి, నట్లతో బిగించి డయల్ గేజి పెడతాడు. చాలా కార్లకు ఊపు 0.1 మి.మీ. లోపే ఉండాలి. ముల్లు కదిలీ కదలనట్టు తిరుగుతోంది.

మళ్ళీ విప్పి 120 నంబరు ఎమెరీ కాగితాన్ని చెక్కముక్కకు చుట్టాడు. రెండు ముఖాల మీదా సున్నాలు చుడుతూ, అన్ని దిక్కులకూ రుద్దుతున్నాడు. మెరుపు పోయి బూడిదరంగు ఇనుము తేలింది. అంచు గట్టునూ దించాడు. తర్వాత సబ్బునీళ్లు, బ్రేక్ క్లీనరు. డీజిలు, కిరోసిను దగ్గరికి రానివ్వడు. వాటి జిడ్డు కొత్త ప్యాడ్లలోకి ఇంకుతుంది. ఆరిన ముఖానికి ఇక వేలు తగలకూడదు.

డిస్కు ఎక్కించి, క్యాలిపర్ పిన్నులకు బ్రేకు గ్రీజు రాసి, బ్రేకు ఆయిలు డబ్బా పొంగకుండా చూసుకుంటూ పిస్టన్ను మెల్లగా వెనక్కి నొక్కి, ప్యాడ్లు కూర్చోబెట్టి, నట్లు ఎదురెదురుగా బిగించాడు. అవతలి చక్రానికీ ఇదే వరస. బండి కదలకముందే పెడలు గట్టిపడేదాకా తొక్కించాడు.

పని ఇంకా మిగిలే ఉంది. ఎటపాక దాటాక ఖాళీ రోడ్డు మీద 60 వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా తగ్గించాలి. మధ్యలో గాలి తగలనిస్తూ ఇలా పదిసార్లు చేసి, చివర బ్రేకు తొక్కకుండా కొంతదూరం నడిపి చల్లారనివ్వాలి. అప్పుడే కొత్త ప్యాడు తన పొరను డిస్కంతా సమానంగా పరుస్తుంది.

బిల్లులో ప్యాడ్ల ధర కనిపిస్తుంది, ఈ చాకిరీ కనిపించదు. అయినా ఘాటు మలుపులో వెనక సీట్లో నిద్రపోయే పిల్లల ప్రాణం దీని మీదే ఆధారపడి ఉంటుంది. ప్యాడ్లు మార్పించే ప్రతివారూ హబ్బు గీకారా, డిస్కు కొలిచారా అని అడగండి. కూలి ఇంకాస్త ఎక్కువైనా ఇచ్చి చేయించుకోండి.