కెమెరా కొన్నారు సరే.. రాత్రికి కరెంటేదీ?

పొలాలు, ఇళ్ల బయట పెరుగుతున్న తక్కువ ధర నిఘా కెమెరాలు
విద్యుత్తు లెక్క తేల్చుకున్నాకే కొనుగోలు మేలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం: ఒకప్పుడు బ్యాంకులకు, పెద్ద దుకాణాలకు పరిమితమైన నిఘా కెమెరా నేడు పశువుల కొట్టానికి, టమోటా తోటకు చేరింది. రెండు మూడు వేల రూపాయలకే సెల్‌ఫోనులో దృశ్యం చూపే కెమెరా దొరుకుతోంది. అయితే కొన్న కొద్ది రోజులకే అది పనిచేయడం మానేస్తే లోపమంతా కెమెరాదేనని అనుకోవడం పొరపాటు. రాత్రంతా కరెంటు అందే ఏర్పాటు లేకపోవడమే చాలాచోట్ల అసలు కారణం. దొంగ వచ్చేది రాత్రి. పొలంలో కరెంటు ఉండేది పగలు. ఈ చిక్కు విడనిదే ఎంత ఖరీదైన కెమెరా పెట్టినా ఫలితం శూన్యం.

ఎందుకీ అవసరం?

టమోటా వ్యాపారానికి దేశంలోనే పేరున్న మదనపల్లె మార్కెట్లో 2023 జూలైలో కిలో ధర వంద రూపాయలు దాటింది. అదే నెలలో కర్ణాటకలోని హాసన్ జిల్లా బేలూరు తాలూకాలో కోతకు వచ్చిన రెండు లక్షల రూపాయలకు పైగా విలువైన టమోటాను రాత్రికి రాత్రే ఎత్తుకెళ్లారు. ఆ మరుసటి నెలలో మహారాష్ట్రలోని ఔరంగాబాద్ ప్రాంతంలో ఒక రైతు తన టమోటా తోటకు సుమారు 22 వేల రూపాయలతో నిఘా కెమెరా అమర్చుకోవడం వార్తలకెక్కింది. పంటకు ధర వచ్చిన ఏడాదే కావలి కరువైతే రైతు నష్టపోయేది ఒక్క కోత కాదు, ఏళ్ల తరబడి మోసిన అప్పు తీరే అవకాశం.

పుంగనూరు పొట్టి ఆవులకు లక్షల రూపాయల ధర పలుకుతున్నందున కొట్టానికి కాపలా తప్పనిసరి అయింది. బోరు కేబుళ్లు, స్టార్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్లలోని రాగి తీగ చోరీ మెట్ట రైతును ఎప్పుడూ వెంటాడే బెడద. కుప్పం నుంచి బెంగళూరుకు ఉపాధి కోసం వెళ్లే కుటుంబాల ఇళ్లకు తాళాలే కాపలా. కౌండిన్య అభయారణ్యం అంచు గ్రామాల్లో ఏనుగుల భయం దీనికి తోడు. చప్పుడు వినగానే టార్చిలైటుతో చీకట్లోకి వెళ్లడం కంటే ఇంట్లో కూర్చుని ఫోనులో చూసి, అటవీ సిబ్బందికి కబురు చేయడం ప్రాణానికి క్షేమం.

బయట పెట్టే కెమెరా వేరు

ఇంటి లోపల వాడే కెమెరాను బయట గోడకు బిగిస్తే తొలి వానకే చెడిపోతుంది. డబ్బాపై ‘ఐపీ 65’, ‘ఐపీ 66’, ‘ఐపీ 67’ అనే గుర్తుల్లో ఒకటి ఉందో లేదో చూడాలి. ఇందులో మొదటి అంకె దుమ్మును, రెండోది నీటిని తట్టుకునే శక్తిని సూచిస్తాయి. తప్పనిసరై లోపలి రకమే వాడవలసి వస్తే సజ్జ కింద, జల్లు పడని చోట మాత్రమే అమర్చాలి. కెమెరాకు ఐపీ గుర్తు ఉన్నా దాని అడాప్టరుకు ఉండదు. అడాప్టరును, వైరు అతుకులను మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంచాలి. కెమెరాకు చేరే ముందు వైరును కిందికి వంపుగా వదిలితే నీటి చుక్క అక్కడే రాలిపోతుంది.

ఇంటర్నెట్‌తో పనిచేసే కెమెరాలను భద్రతా పరీక్షలకు లోబరచాలన్న కేంద్ర ప్రభుత్వ నిబంధన 2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లోకి వచ్చింది. పేరూ ఊరూ లేని సరుకు కాకుండా ధ్రువీకరణ ఉన్నదే, రసీదుతో కొనడం మంచిది.

ఇంటి దగ్గర విద్యుత్తు

చిన్న వైఫై కెమెరా వాడుకునేది రెండు నుంచి ఐదు వాట్లే. నెలంతా వేసి ఉంచినా నాలుగు యూనిట్లు దాటదు. చిక్కు ఖర్చుతో కాదు, దూరంతో. ఇలాంటి కెమెరాలు చాలావరకు ఐదు వోల్టుల యూఎస్‌బీ అడాప్టరుతో నడుస్తాయి. ఫోను ఛార్జింగుకు వాడే సన్నని వైరును పది మీటర్లు లాగి ఒక ఆంపియరు కరెంటు పంపితే సగానికి పైగా వోల్టేజీ దారిలోనే కరిగిపోతుంది. పగలు పనిచేసిన కెమెరా రాత్రి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలగగానే ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగుతోందంటే కారణం తరచుగా ఇదే. అడాప్టరును కెమెరాకు మూడు మీటర్లలోపు ఉంచి, అక్కడి వరకు ఇంటి వైరింగునే తీసుకెళ్లాలి. దూరం ఎక్కువైతే 12 వోల్టుల కెమెరాను మందపాటి వైరుతో వాడాలి. లేదా ఒకే నెట్‌వర్క్ కేబుల్‌లో కరెంటు, దృశ్యం రెండూ పంపే ‘పీవోఈ’ రకం ఎంచుకోవాలి. ఇది వంద మీటర్ల వరకు పనిచేస్తుంది.

కరెంటు పోతే కెమెరాతో పాటు రూటరూ ఆగిపోతుంది. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే రెండింటినీ ఆ లైనుకు కలపాలి. లేనివారికి రూటర్ల కోసం అమ్మే చిన్న యూపీఎస్ ఉపయోగపడుతుంది. రూటరు, కెమెరా కలిపి 13 వాట్లు తీసుకుంటే సుమారు 29 వాట్-అవర్ల యూపీఎస్ రెండు గంటలు ఆదుకుంటుంది.

మిద్దెపై సౌర ఫలకాలు ఉన్నాయి కదా అన్న ధీమా పనికిరాదు. కుప్పం నియోజకవర్గంలోని నడిమూరులో 2025 జనవరిలో ‘పీఎం సూర్యఘర్’ కింద ఇంటింటికీ సౌర విద్యుత్తు పథకాన్ని ప్రయోగాత్మకంగా ప్రారంభించారు. అయితే గ్రిడ్‌కు అనుసంధానించిన సాధారణ సౌర వ్యవస్థ లైను కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభం వద్ద మరమ్మతు చేసే సిబ్బందికి షాక్ తగలకుండా చేసిన ఏర్పాటిది. కనుక బ్యాటరీ ఉంటేనే రాత్రి భరోసా.

పొలంలో సౌర లెక్క

వ్యవసాయ కనెక్షన్లకు త్రీఫేజ్ కరెంటు రోజుకు తొమ్మిది గంటలే. పైగా ఉచిత కనెక్షన్ పంపుసెట్టు కోసం ఇచ్చినది. దాని నుంచి ఇతర పరికరాలకు వైరు లాగే ముందు విద్యుత్తు శాఖ స్థానిక కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. లైనుకు కొక్కెం తగిలించడం నేరం, ప్రాణాంతకం. అందుకే తోటకు సౌర ఫలకం, బ్యాటరీ, సిమ్‌కార్డుతో నడిచే 4జీ కెమెరా అనువైనవి. వీటిలో రెండు రకాలున్నాయి.

* కదలిక కనబడినప్పుడే మేల్కొనేది: మిగతా సమయం నిద్రలో ఉంటుంది కనుక దానితో వచ్చే చిన్న ఫలకమే సరిపోతుంది. దూరంగా వెళ్లేవారిని గుర్తించలేదు. ఎనిమిది, పది మీటర్లలోపు కదలికకే స్పందిస్తుంది. స్టార్టరు డబ్బాకు, కొట్టం వాకిలికి ఇది చాలు.

* రాత్రింబవళ్లు రికార్డు చేసేది: ఐదు వాట్ల కెమెరాకు రోజుకు 120 వాట్-అవర్లు కావాలి. మూడు రోజులు మబ్బు పట్టినా నడవాలంటే 360. అంటే 12 వోల్టుల లిథియం బ్యాటరీ అయితే సుమారు 40 ఆంపియర్-అవర్లు, లెడ్-యాసిడ్ అయితే 60 ఉండాలి. లెడ్-యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది. ఫలకం 50 నుంచి 60 వాట్లు అవసరం. మధ్యలో ఛార్జ్ కంట్రోలరు తప్పనిసరి.

ఈ ప్రాంతానికి ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురుస్తాయి. ఏప్రిల్ ఎండను చూసి లెక్క వేసుకున్నవారి కెమెరా నవంబరు ముసురులో ఆగిపోతుంది. మన ప్రాంతం సుమారు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. ఫలకాన్ని దక్షిణం వైపు 15 డిగ్రీల వాలుతో, చెట్టు నీడ పడకుండా బిగించాలి. పది పన్నెండు అడుగుల ఎత్తున ఉంటే చేతికి అందదు. ఫలకంపై దుమ్ము నెలకోసారి తుడవాలి. బ్యాటరీని నేరుగా ఎండ తగిలే ఇనుప పెట్టెలో ఉంచరాదు.

సాలీడు, పిడుగు, పాస్‌వర్డు

రాత్రి ఇన్‌ఫ్రారెడ్ వెలుగుకు పురుగులు, వాటి కోసం సాలీళ్లు చేరతాయి. అద్దం ముందు గూడు కడితే దృశ్యమంతా తెల్లగా మారి, గాలికి గూడు కదిలినప్పుడల్లా ఫోను మోగుతుంది. పదిసార్లు వృథాగా మోగిన ఫోనును పదకొండోసారి ఎవరూ పట్టించుకోరు. వారానికోసారి మెత్తని గుడ్డతో తుడవడమే మందు. ఏకాకిగా నిలిచిన ఎత్తైన స్తంభం పిడుగుకు లక్ష్యం. ఎర్తింగు, సర్జ్ రక్షణ పరికరం లేకుండా అక్కడ కెమెరా పెట్టరాదు.

దృశ్యం నిల్వకు మెమొరీ కార్డు అవసరం. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున నిరంతరం రికార్డు చేస్తే రోజుకు దాదాపు 11 జీబీ అవుతుంది. 128 జీబీ కార్డు పదకొండు రోజులకు పైగా వస్తుంది. అదే దృశ్యాన్ని ఎప్పుడూ సిమ్ ద్వారా పంపితే రోజువారీ డేటా కొద్ది గంటల్లోనే హరించుకుపోతుంది. కదలిక ఉన్నప్పుడే పంపేలా అమర్చుకోవాలి. కొన్న రోజునే పాస్‌వర్డు మార్చాలి. లేకుంటే మన వాకిలిని మనకంటే ముందు మరొకరు చూస్తారు.

చట్టం ఏమంటోంది?

వందమందికి పైగా వచ్చిపోయే సంస్థలకు కెమెరాలు తప్పనిసరి చేస్తూ 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చట్టం వచ్చింది. ఇళ్లకు, పొలాలకు ఆ నిర్బంధం లేదు. అయితే కెమెరా మన గడపను, గేటును చూడాలి గాని పొరుగింటి స్నానాల గదిని, పెరటిని కాదు. మహిళల ఏకాంతాన్ని రహస్యంగా చిత్రించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద శిక్షార్హం.

దొంగ చిక్కినా రికార్డింగు కోర్టులో నిలవాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు నకలుకు ధ్రువపత్రం జతపరచాలి. పాత చట్టం కింద కూడా ఇది తప్పనిసరేనని సుప్రీంకోర్టు 2020 జూలై 14న స్పష్టం చేసింది. ఫోనులో వాట్సాప్ ద్వారా పంచుకున్న ముక్క ఒక్కటే చాలదు. కెమెరా గడియారంలో తేదీ, సమయం సరిగా ఉండాలి. చోరీ జరిగిన వెంటనే కెమెరాను ఆపి, పాత దృశ్యాలపై కొత్తవి పడకుండా కార్డు తీసి భద్రపరచాలి. 112కు ఫోను చేసి, కార్డును యథాతథంగా పోలీసులకు అప్పగించి రసీదు తీసుకోవాలి.

డబ్బు చెల్లించే ముందు పరీక్ష

అమర్చినవారు పగటి వెలుగులో ఫోనులో దృశ్యం చూపగానే సరేననుకోరాదు. ఆ రాత్రి మెయిన్ స్విచ్ ఆపి ఉంచాలి. తెల్లవారుజామున మూడు గంటలకు ఒక మనిషిని కెమెరా ముందు నడిపించాలి. ఫోను మోగిందా, ముఖం గుర్తుపట్టేలా ఉందా, కార్డులో రికార్డయిందా అన్నవి ఉదయాన్నే సరిచూసుకోవాలి. ఈ మూడూ సరిపోయాకే మిగిలిన సొమ్ము చెల్లించాలి. ఇదే పరీక్షను ముసురు పట్టే నవంబరులో మరొక్కసారి చేసుకుంటే ఆ ఏటికి కావలి కుదిరినట్లే.