నిర్వాహక ఖాతా రక్షణ: పాస్‌వర్డ్ నుంచి అధికార పరిమితి వరకు (1961–1995)

ఉపోద్ఘాతం:

అనేకులు పంచుకొనే కంప్యూటర్‌లో ఎవరి ఫైలునైనా చదవడానికి, మార్చడానికి, ఖాతాలను సృష్టించడానికి, తొలగించడానికి అధికారం కలిగినది నిర్వాహక ఖాతా. యూనిక్స్ వ్యవస్థలో దీని పేరు ‘రూట్’. ఈ ఖాతా రక్షణ చరిత్రను పాస్‌వర్డ్ బలపడిన చరిత్రగా చెప్పడం పరిపాటి. అయితే ప్రధాన ఘటనలు మరొక విషయాన్ని సూచిస్తున్నాయి. పాస్‌వర్డ్‌ను ఛేదించనవసరం లేని దారులే ఎక్కువ ప్రమాదాన్ని తెచ్చాయి. దీన్ని నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. దాపరికం:

ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బాటో బృందం 1961లో తొలిసారి ప్రదర్శించిన సి.టి.ఎస్.ఎస్. వ్యవస్థ తరువాతి కాలంలో పాస్‌వర్డ్‌లన్నింటినీ ఒకే ఫైలులో, ఉన్నవి ఉన్నట్లుగా భద్రపరచింది. 1960ల మధ్యకాలంలో ఇద్దరు నిర్వాహకులు ఏకకాలంలో రెండు ఫైళ్లను సవరిస్తుండగా, వారి తాత్కాలిక ఫైళ్ల పేరు ఒకటే కావడంతో అవి తారుమారయ్యాయి. లాగిన్ అయిన వారందరికీ ఆనాటి సందేశానికి బదులు పాస్‌వర్డ్‌ల జాబితా కనిపించింది. ఇందులో చొరబాటుదారుడే లేడు.

2. గూఢీకరణ:

రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో ప్రచురించిన పరిశోధనపత్రం యూనిక్స్ పద్ధతిని వివరించింది. పాస్‌వర్డ్‌కు ‘సాల్ట్’ అనే యాదృచ్ఛిక సంఖ్యను జోడించి, తిరిగి రాబట్టడానికి వీలులేని రూపాన్ని మాత్రమే ఫైలులో ఉంచడం ఈ పద్ధతి. అయితే వారు సేకరించిన 3,289 పాస్‌వర్డ్‌లలో 2,831, అంటే 86 శాతం, మరీ చిన్నవి లేదా నిఘంటువులలో, పేర్ల జాబితాలలో దొరికేవి. ఫైలుకు రక్షణ పెరిగినా మనుషుల అలవాటు మారలేదు.

3. పక్కదారి:

1986లో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల లెక్కల్లో తేలిన 75 సెంట్ల తేడాను పరిశీలిస్తూ క్లిఫర్డ్ స్టోల్ ఒక చొరబాటుదారుని జాడ కనుగొన్నాడు. ఆ జాడ చివరకు పశ్చిమ జర్మనీలోని హానోవర్‌కు చేరింది. చొరబాటుదారునికి రూట్ పాస్‌వర్డ్‌తో పని లేకపోయింది. ఈమాక్స్‌తో వచ్చే ‘మూవ్‌మెయిల్’ అనే చిన్న ప్రోగ్రామ్‌ను అక్కడ రూట్ అధికారంతో స్థాపించారు. దాని సాయంతో అతడు తన ఫైలును వ్యవస్థ ఫైళ్ల నడుమకు చేర్చి నిర్వాహకుడయ్యాడు. ప్రతి ప్రోగ్రామ్‌కూ దాని పనికి అవసరమైన కనీస అధికారమే ఉండాలని సాల్ట్‌జర్, ష్రోడర్ 1975లోనే ప్రతిపాదించారు. ఉత్తరాలను ఒకచోటి నుంచి మరొకచోటికి చేర్చే ప్రోగ్రామ్‌కు సర్వాధికారం ఇవ్వడం ఈ సూత్రానికి పూర్తిగా విరుద్ధం.

4. అధికార పరిమితి:

1980 ప్రాంతంలో బఫెలోలోని న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో రూపొందిన ‘సుడో’ ఈ సూత్రాన్ని నిర్వాహకులకూ వర్తింపజేయడానికి వీలు కల్పించింది. రూట్ పాస్‌వర్డ్‌ను పంచకుండానే ఎవరు ఏ ఆదేశాన్ని ఇవ్వవచ్చో నిర్ణయించి, దాని వినియోగాన్ని నమోదు చేయడం దీనితో సాధ్యమైంది. హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లో ప్రయాణిస్తున్న పాస్‌వర్డ్‌లు చోరీకి గురైన తరువాత, 1995లో తాతు ఉలోనెన్ ‘ఎస్.ఎస్.హెచ్.’ను రూపొందించాడు. గూఢీకరించకుండా పంపినప్పుడు ఎంత కఠినమైన పాస్‌వర్డ్ అయినా దారిలోనే దొరికిపోతుందని ఆ ఘటన తెలిపింది.

ముగింపు:

నెట్‌వర్క్ ద్వారా రూట్‌గా నేరుగా లాగిన్ కానివ్వకపోవడం, పాస్‌వర్డ్‌కు బదులు తాళంచెవుల జతను వాడడం, అవసరమైనప్పుడే సుడోతో అధికారం పొందడం నేటి సర్వర్లలో పాటించవలసిన నియమాలు. వీటిలో ప్రతి ఒక్కటీ పై అనుభవాల ఫలితమే. నిర్వాహక ఖాతాను కాపాడడమంటే రహస్యాన్ని దాచడం మాత్రమే కాదు, ఆ రహస్యం బయటపడినా నష్టం పరిమితంగా ఉండేలా అధికారాన్ని ముందే విభజించడం కూడా.