కప్పుకు చొక్కా

సియాటెల్‌లో నేను కాఫీ తాగేది ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు గ్లాసులోనే. కౌంటర్లో అమ్మాయి నవ్వుతుంది, నవ్వనీ. సొంత కప్పు తెచ్చుకునేవాళ్లకు ఇక్కడి స్టార్‌బక్స్ ధర తగ్గించడం మొదలుపెట్టింది 1985లో. అయినా తెచ్చేవాళ్లు ఎప్పుడూ కొద్దిమందే.

అప్పట్లో కాఫీ షాపుల్లో చెయ్యి కాలకుండా ఒక కాగితం కప్పును ఇంకోదాంట్లో దోపి ఇచ్చేవారట. ఒక్క కాఫీకి రెండు కప్పులు చెత్తబుట్టలోకి! కారు నడుపుతూ వేడి కాఫీ ఒళ్లో ఒలకబోసుకున్న పోర్ట్‌లాండ్ వాసి జే సోరెన్సెన్ 1991లో అట్టతో కప్పుకు తొడుగు చేశాడు. 1997లో స్టార్‌బక్స్ కూడా అలాంటి తొడుగు తెచ్చింది. రెండో కప్పు అవసరం తగ్గింది. మొదటిది మాత్రం లోపలి ప్లాస్టిక్ పూత వల్ల చాలాచోట్ల రీసైక్లింగ్‌కు పనికిరాదు.

మా అమ్మ ఇచ్చిన గ్లాసు కాలుతుంది, నిజమే. చేతిరుమాలు చుట్టుకుంటాను.